అత్తకు దొరికిన మంచం

పోయిన శనివారం మధ్యాహ్నం ఎదురు క్వార్టర్‌లోంచి మావ బయటికి వచ్చాడు. ఎండ మాడిపోతోంది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. మా వాకిట్లోకి వచ్చి, లోపలికి రాకుండానే, "గుంటా, మీ అత్త ఇంక లేదే" అన్నాడు. ఆ తరవాత ఏం చెయ్యాలో తెలియనట్టు మా గోడకి ఆనుకుని నీడలో కూర్చుండిపోయాడు.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి మావ పక్కన పెట్టాను. కొన్నాళ్ళుగా మేమందరం ఈ మాట వస్తుందనే అనుకుంటూ ఉన్నాం. ఇక అత్తకి నొప్పి ఉండదు కదా అనిపించింది ముందు. ఏడుపు సాయంత్రానికి వచ్చింది, పొయ్యి ముట్టిస్తూ ఉండగా.

ఆమె మీలో చాలామందికి తెలియదు. బిలాస్‌పూర్‌లో మా క్వార్టర్ల లైను దాటితే ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. ఒక గూడ్సు గార్డు భార్య. నాకు రక్తసంబంధం కూడా కాదు. మా అమ్మ బొబ్బిలి వైపు నుంచి, ఆమె పలాస వైపు నుంచి, ఇంచుమించు ఒకే ఏడు ఈ ఊరికి కాపురానికి వచ్చారట. భాష తెలియని ఊళ్ళో, పగలూ రాత్రీ ఇంజన్లు కూసే చోట, ఎదురెదురు తలుపుల మధ్య ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆమెను అత్త అని పిలవమని అమ్మే చెప్పింది. నేను చిన్నపిల్లగా ఉండగానే అమ్మ పోయింది. మర్నాటి నుంచి నాకు జడలు వేసే పని అత్త తీసుకుంది, ఎవరూ అడగకుండానే. ఆమెకు పుట్టిన ఇద్దరు పిల్లలూ పసితనంలోనే పోయారు.

జడ వేసేటప్పుడు జుట్టు ఎంత బిగించి లాగేదంటే నా కళ్ళు పైకి పోయేవి. "అత్తా, నొప్పి" అంటే, "బడికెళ్ళీసరికి వదులవుతాదిలే, కాస్త ఓర్చుకో" అనేది. ఎప్పుడూ వదులయ్యేది కాదు.

వడియాలు పెట్టిన రోజు ఆమెకీ లోకో షెడ్డుకీ యుద్ధమే. గాలి ఇటు తిరిగిందంటే బొగ్గు నుసి వచ్చి పడేది. పాత చీర ఒకటి పైన కప్పి, షెడ్డు వైపు తిరిగి "నీ పొగగొట్టం మండిపోనూ" అని తిట్టి, అంతలోనే "మండుతోనే ఉందిలే, మండకపోతే మన కూడేటి" అని నవ్వేది. కూరలు తెచ్చే ఆవిడతో ఆమె మాట్లాడే హిందీ మా లైనంతా వినోదం. "ఏ దీదీ, యే బీరకాయ్ ముదిరిపోయా హై, దేఖో" అనేది. ఆ దీదీకి అర్థమయ్యేది కూడా. ఒక లేత బీరకాయ ఊరికే పడేసి వెళ్ళేది.

మావ డ్యూటీ నుంచి వస్తే ఆమె ఏదీ అడిగేది కాదు. రాయగఢ్ దాకా గూడ్సు బండి తీసుకెళ్ళి, ఎక్కడో లూప్‌లైనులో గంటలకొద్దీ ఆగి, ఏ వేళకో వచ్చే మనిషి. "ముందు కాళ్ళు కడుక్కోనీ. అడగాల్సింది అన్నం తిన్నాక అడగాల" అని నాకు పెళ్ళి కుదిరినప్పుడు కూడా చెప్పింది. ఆ పెళ్ళి తరవాత తప్పిపోయింది, అది వేరే కథ. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరి, అన్నయ్యతోనే ఉండిపోయాను. అందుకు అత్త లోలోపల సంతోషించిందనే నా అనుమానం.

ఇక్కడినుంచి రాయబోయేది పత్రికలో రాయవచ్చునా అని మా అన్నయ్య సందేహించాడు. "ఆడవాళ్ళ జబ్బు సంగతి మగవాళ్ళు కూడా చదువుతారు కదే" అన్నాడు. చదవాలనే రాస్తున్నాను. అత్త ప్రాణం పోవడంలో ఈ సందేహానికి కూడా వాటా ఉంది.

అటుపోయిన ఏటి వానాకాలం. అత్తకు అప్పటికే ముట్లుడిగి చాలా ఏళ్ళయింది. ఒక రోజు ఇద్దరం కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే, తల ఎత్తకుండానే, "ముసిల్దాన్నయ్యాక మళ్ళీ పెద్దమనిషినైపోనానే గుంటా" అంది. ఆమె నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను. అప్పటికి మా ఇద్దరికీ అది జబ్బని తెలియదు. ఒంట్లో వేడి చేసిందని ఆమె మెంతులు నానబెట్టి తాగింది. తగ్గకపోతే మంగ్లా ఊర్నుంచి వచ్చే వైద్యుడి దగ్గర లొద్దుగ చెక్క తెప్పించి కషాయం కాచుకుంది. కొన్నాళ్ళు ఆగినట్టే ఆగి మళ్ళీ కనిపించేది. గుడ్డలు ఉతికి, మావ కంట పడకుండా వంటింట్లో బియ్యం డబ్బా వెనక ఆరేసేది. ఎండ తగలని గుడ్డలు ఎప్పటికీ ఆరేవి కావు.

తరవాత నడుము నొప్పి మొదలయింది. నీరసం. నల్లా దగ్గర బిందె ఎత్తలేక ఒక రోజు అలాగే వదిలేసి వచ్చింది. అప్పుడు రైల్వే ఆసుపత్రికి వెళ్ళింది, ఒంటరిగా. ఆ వెళ్ళడం గురించి నాకు చాలా రోజుల తరవాత చెప్పింది.

వరండా నిండా మగవాళ్ళట. చెయ్యి నలిగిన ఖలాసీలు, జ్వరంతో వచ్చిన పాయింట్స్‌మన్లు. లోపల బల్ల దగ్గర కూర్చున్న ఆయన, తప్పేమీ లేదు పాపం, అందరినీ అడిగినట్టే ఈమెనూ "క్యా తక్లీఫ్ హై?" అని ఏం బాధో గట్టిగా అడిగాడు. వెనకాల మావతో పనిచేసే గార్డు ఒకాయన ఉన్నాడు. అత్త నోటికి నిజం రాలేదు. "చక్కర్ ఆతా హై" అంది. కళ్ళు తిరుగుతున్నాయంటే ఇచ్చే మందే ఇచ్చారు, ఎర్రటి టానిక్కు. అది అయిపోయాక మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అదే మాట చెప్పింది, మళ్ళీ అదే సీసా తెచ్చుకుంది.

"ఏటి చెయ్యను మరి? అందరూ చూస్తున్నారు. నా జబ్బు పేరు కూడా సిగ్గుపడే పేరే" అంది.

ఆ ఆసుపత్రికి నెలకోసారి ఒక లేడీ డాక్టరు వస్తుందని మా బడిలో ఒక పిల్ల తల్లి చెప్పింది. ఉదయం బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. నేను సెలవు పెట్టి అత్తను తీసుకెళ్ళిన రోజు ఆవిడ రాలేదు. సిపాయిల బండ్లకి దారి ఇవ్వడానికి ఆవిడ ఎక్కిన బండిని ఎక్కడో ఆపేశారట. ఆ నెల అలా పోయింది. పై నెలలో దొరికింది.

ఆవిడ బెంగాలీ మనిషి. నెరిసిన జుట్టు, పొట్టి చేతుల తెల్ల జాకెట్టు. తెర వెనక పరీక్ష చేస్తూ హిందీలో అడుగుతుంటే నేను తెలుగులో చెప్పాను. ఎన్నాళ్ళుగా అని అడిగింది. ఏడాది దాటిందని చెప్పాను. పరీక్ష అయ్యాక ఆవిడ చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఇటు తిరగలేదు. తిరిగాక నన్ను పక్కకి పిలిచింది. గర్భసంచి ముఖం దగ్గర పుండు ఉందనీ, ఇంకా అక్కడే ఉందని తన నమ్మకమనీ, కలకత్తాలో రేడియం పెట్టి వైద్యం చేస్తారనీ, ఇప్పుడు వెళ్తే మనిషి దక్కుతుందనీ చెప్పింది. "దేర్ మత్ కరో" అంది. ఆలస్యం చెయ్యొద్దని.

ఇంటికి వస్తూ దారిలో అత్త ఆగింది.

"ఏటన్నదే ఆవిడ? నాకు మెత్తగా చెప్పకు."

"రాచపుండు అత్తా. గర్భసంచి మూతి దగ్గర. కలకత్తా వెళ్తే నయమవుతుందంది."

"నయమవుతాదని ఆవిడన్నదా, నువ్వు కలిపినావా?"

"ఆవిడే అంది."

"అచ్ఛా" అంది. మళ్ళీ నడక మొదలుపెట్టింది. కాస్త దూరం పోయాక, "మీ మావకి నువ్వే చెప్పు. ఆయన మొహం చూసి నాను చెప్పలేను" అంది.

మావకి చెప్పాను. ఆయన మర్నాడే కోటు తొడుక్కుని ఆఫీసుకి వెళ్ళాడు.

ఆలస్యం చెయ్యొద్దని డాక్టరమ్మ చెప్పింది. మేం చెయ్యలేదు. కానీ అయింది. కలకత్తా పంపడానికి పైవాళ్ళ అనుమతి కావాలి. కాగితం పైకి వెళ్ళింది. రోగి వయసు సరిగా లేదని కిందికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి అక్కడి ఆసుపత్రిలో చోటుందని రుజువు కావాలన్నారు. అక్కడివాళ్ళు ఇక్కడి అనుమతి ముందు రావాలన్నారు. యుద్ధం రోజులు, గార్డులకి సెలవులు లేవు. మావ డ్యూటీ దిగి ఆఫీసుకి వెళ్తే దొర క్యాంపులో ఉన్నాడని "సాబ్ దౌరే పర్ హై" అనేవారు. సాబ్ ఉన్న రోజు మావ బండి మీద ఉండేవాడు. ఎవరూ కసిరింది లేదు, పొమ్మంది లేదు. అందరూ మంచిగానే "అవుతుంది, అవుతుంది" అనేవారు. ఇందులో ఎవరిని తిట్టాలో తెలియక మావ ఇంటికొచ్చి ఊరికే కూర్చునేవాడు.

ఆ నెలల్లో అత్త తన పద్ధతి మార్చుకుంది. మావ గుమ్మంలో అడుగుపెట్టగానే, కాళ్ళు కడుక్కోకముందే, "ఏటైంది?" అని అడిగేది. "ఇంకా లేదు" అనేవాడు మావ. దసరా అయింది, దీపావళి అయింది, చలి ముదిరింది. తరవాత ఒక రోజు మావ వచ్చాడు. అత్త అడగలేదు. కంచం పెట్టి వడ్డించింది, అంతే. ఆ రోజు మావ సగం అన్నంలో లేచిపోయాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో నల్లా దగ్గర ఇంకొకటి జరిగింది. మా వెనక లైనులో ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ కుటుంబం ఒకటి ఉంది. భార్య చిన్నది, ముగ్గురు పిల్లల తల్లి. నీళ్ళకి నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి తూలి బిందె వదిలేసింది. అందరూ వేవిళ్ళనుకుని నవ్వారు. అత్త నవ్వలేదు. దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు చూసి, తన పైటకొంగు అడ్డం పెట్టి ఇంటికి నడిపించింది. లోపల కూర్చోబెట్టి, నా ఎదుటే అడిగేసింది.

"ఎన్నాళ్ళనుంచి అవుతోంది?"

"ఏటి అప్పా?"

"ఏటని అడక్కు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. నెల మధ్యలో కనపడుతోందా? మొగుడు దగ్గరికొస్తే కనపడుతోందా?"

ఆ పిల్ల నన్ను చూసి తల దించుకుంది. అత్త ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"పంతులమ్మ ఉందని సిగ్గుపడకు. నాను సిగ్గుపడ్డాను. చూడు ఏటైందో. నొప్పి మెల్లగా చెప్పినప్పుడే వినాల, అది అరిచేదాకా ఆగకూడదు."

డాక్టరమ్మ వచ్చే రోజున ముగ్గురం వెళ్ళాం. ఆ రోజే డాక్టరమ్మ మాకోసం కబురు కూడా తెచ్చింది. అనుమతి వచ్చింది. కలకత్తా ఆసుపత్రిలో అత్త పేరున ఒక మంచం దొరికింది. పై వారం బయల్దేరాలి. ఆ మాట విని నేను అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ముందు అత్తను పరీక్ష చేసింది, తరవాత ఆ పిల్లను. బయటికి వచ్చాక మళ్ళీ నన్ను పక్కకి పిలవబోతే అత్త ఒప్పుకోలేదు. "నా ముందే చెప్పమనే" అంది. ఆవిడ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. అత్త పుండు గర్భసంచి దాటి పక్కలకి పాకిపోయింది. రేడియం పెడితే రక్తం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, కొన్ని నెలలు కలిసొస్తాయి. నయమవుతుందని ఇప్పుడు అనలేనంది.

"మరి ఈ పిల్లకి?"

ఆ పిల్లకి అదే జబ్బు, ఇప్పుడిప్పుడే మొదలు. ఇప్పుడు రేడియం పెడితే మనిషి నిలుస్తుంది. మంచానికి రాస్తాను, కానీ వేసవి వచ్చేదాకా దొరకకపోవచ్చు అంది డాక్టరమ్మ.

"అప్పటికి ఇది నాలాగైపోతాదా?"

నేను హిందీలో అడిగాను. ఆవిడ కిటికీ వైపు చూసింది.

"అయితే నా మంచం దీనికిచ్చీమను" అంది అత్త.

ఆవిడ చిరాకు పడింది. లేచి ఇవ్వడానికి ఇది రైల్లో సీటు కాదంది. నీ నొప్పి పెరుగుతుంది, అప్పుడు నేనేం చెయ్యలేనంది. అత్త అంతా విని, "అవసరం ఇద్దరికీ ఉంది. మంచం ఒకటే ఉంది. మరేటి చెయ్యమంటాదో ఆవిణ్ణే చెప్పమను" అంది. దాన్ని హిందీలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పనక్కరలేకపోయింది. డాక్టరమ్మ బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. ఫైర్‌మన్ భార్య వెక్కి వెక్కి ఏడుస్తూ, "అప్పా, నీ చోటు నాకొద్దప్పా" అంటోంది. "నోర్ముయ్యి. ఇంటికి పోయి గుడ్డలు సర్దుకో" అంది అత్త.

ఆ సాయంత్రం ఎదురింట్లో మావ గొంతు విన్నాను. ఎన్నడూ పెరగని గొంతు. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి ఆయన నడిగదిలో నిలబడి ఉన్నాడు.

"కాళ్ళరిగిపోయేలాగ తిరిగినాను. ఎవరికోసం? ఇచ్చీసినావేటి?"

"మీరు నాకోసం తెచ్చారు కదా. నాది నానిచ్చినాను."

"నొప్పి తగ్గుతాదన్నది కదా ఆవిడ!"

"తగ్గుతాది. పోదు."

"మరి నా సంగతేటి?" అన్నాడు మావ.

అత్త కంచం పెట్టి, "అన్నం తినండి" అంది. మావ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను మిగిలాను. ఎందుకలా చేశావని అడిగాను. అత్త గోడకి జారబడి కళ్ళు మూసుకుంది. "దేవతననుకుంటున్నావేటే? నాకూ ఎల్లాలనే ఉంది. కలకత్తా చూడాలని కూడా ఉంది. కానీ ఆ ముగ్గురు పిల్లలూ తల్లి లేకుండా ఈ లైనులో తిరుగుతుంటే నాను చూడలేను. ఇప్పుడు ఇంకొకర్తికి జడలెయ్యడానికి నాకు ఓపిక లేదే" అంది.

ఆమె చేసింది సరైనదో కాదో చెప్పమని చాలామంది నన్ను అడిగారు. నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. రెండు మంచాలు ఉండాల్సింది.

ఫైర్‌మన్ భార్యకు అనుమతి తొందరగానే వచ్చింది. ఏ కాగితం ఏ బల్ల దగ్గర ఆగుతుందో అప్పటికి మావకి తెలిసిపోయింది. అత్త అడిగితే కాదనలేక, ఆ ఫైర్‌మన్‌తో ఒక్క మాట మాట్లాడకుండానే, ముందు తాను నడిచి బల్లలు చూపించాడు. ఆమె కలకత్తాలో ఉన్నన్నాళ్ళూ పిల్లలు అత్త ఇంట్లోనే తిన్నారు. పెద్దపిల్లకి జడలు నేను వేశాను, అత్త పక్కన కూర్చుని "బిగించు, బిగించు" అంటుంటే.

తిరగగలిగినన్నాళ్ళూ అత్త ఇంకో పని చేసింది. కరివేపాకు కావాలనో, పెరుగు తోడుకి కావాలనో వంక పెట్టుకుని ఒక్కొక్క ఇంటికి వెళ్ళేది. పొయ్యి దగ్గర కూర్చుని ఆడవాళ్ళను అడిగేది. కొందరు విన్నారు. ఇద్దరు ముగ్గురు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు, వాళ్ళకి ఏమీ లేదని తేలింది. ఒకావిడ మాత్రం "ఈ వయసులో ఇయేం మాటలు, సిగ్గులేదా?" అని తలుపేసింది. అత్త ఆ రోజు ఇంటిదాకా వెళ్ళలేక మా అరుగు మీదే కూలబడింది. "అలిసిపోయానే గుంటా" అంది. అంతకుముందు ఆమె నోట ఆ మాట నేను వినలేదు.

ఫైర్‌మన్ భార్య తిరిగి వచ్చింది. సగమైపోయింది, పొత్తికడుపు మీద చర్మం కమిలిపోయింది, కానీ డాక్టర్లు పుండు మాడిపోయిందని చెప్పారట. ఆమె బండి దిగి ముందు అత్త దగ్గరికే వచ్చింది. ఆమె గుమ్మంలో కనిపించగానే మావ పెరటి తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత రోజూ ఆమె రావడం, మావ వెళ్ళిపోవడం.

చివరి రోజుల గురించి ఎక్కువ రాయలేను. నొప్పి డాక్టరమ్మ చెప్పినట్టే పెరిగింది. నల్లమందు మాత్ర వేస్తే కాసేపు కళ్ళు మూసేది. వాసన వస్తోందని అత్త ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు, మావను కూడా. గుడ్డలు మార్చడానికి నన్నూ, ఫైర్‌మన్ భార్యనూ మాత్రం ఒప్పుకుంది. వేసవి మొదట్లో మావ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. కలకత్తాలో అత్తకు మళ్ళీ మంచం దొరికింది. మావ మొహం వెలిగిపోతోంది. అత్త అతి కష్టం మీద ఇటు తిరిగి, "కూర్చోలేనండీ. బండెలా ఎక్కుతాను?" అంది. మావ పడుకోబెట్టి తీసుకెళ్తానన్నాడు, బండి చివర తాను కూర్చునే బ్రేక్ వాన్‌లో పరుపు వేస్తానన్నాడు. అత్త ఆయన చేతి మీద చెయ్యి వేసి, "అలాగే ఎల్దాం" అంది. వెళ్ళలేదు. ఆ మాట ఆయనకోసమే అన్నదని మాకందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ వారమంతా మాత్రం మావ పరుపు ఎండలో వేసి తీశాడు.

మూడో రోజున అస్థికలు కలపడానికి అర్పా నదికి వెళ్ళాం. కొడుకులు లేరు కాబట్టి అన్నీ మావే చేశాడు. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదని ఎవరో అన్నారు. రమ్మనీ వద్దనీ అనే ఓపిక మావకి లేదు. నేను వెళ్ళాను. కాస్త వెనకగా ఫైర్‌మన్ భార్య కూడా వచ్చింది.

జ్యేష్ఠమాసపు అర్పా, కంటికి ఆనినంత మేరా ఇసుకే. నీటి చుక్క లేదు. మావ కుండ ఒడ్డున దింపి, నది మధ్యకి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. పైన మండుతున్న ఇసుక, కింద కాస్త చల్లటి ఇసుక. తవ్వినకొద్దీ అంచులు జారి పడుతున్నాయి. మా అన్నయ్య సాయం పోబోతే వద్దని తల ఊపాడు. ఫైర్‌మన్ భార్య ఎవరినీ అడగలేదు. వెళ్ళి ఆయనకెదురుగా కూర్చుని, జారుతున్న ఇసుకను రెండు చేతులతో వెనక్కి తీసింది. మావ ఒక్క క్షణం ఆగాడు. ఆమె వంక చూడలేదు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

చాలాసేపటికి అడుగున తడి కనిపించింది. తరవాత నీరు ఊరింది, మట్టిరంగులో, మెల్లగా. ఇద్దరూ చేతులు తీసేసి, ఆ చెలమకు చెరోపక్కా కూర్చుని, నీళ్ళు తేటపడేదాకా చూస్తూ ఉండిపోయారు.